కంతులన్నీ సక్రమంగా కడుతున్నా క్రెడిట్ స్కోరు ఎందుకు మారుతుంది?

గత ఏడాది వానాకాలంలో నా క్రెడిట్ స్కోరు, అంటే అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే మూడంకెల సంఖ్య, ఉన్నట్టుండి దాదాపు నలభై పాయింట్లు తగ్గింది. ఇంటి రుణం కంతు ప్రతి నెలా నా ఖాతా నుంచి దానంతటదే వెళ్లిపోతుంది, క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటిన సందర్భం లేదు, కొత్తగా ఎక్కడా అప్పు అడగలేదు. స్కోరు చూపించిన యాప్‌లో ఒక ఎర్ర బాణం గుర్తూ, దాని పక్కన "మీ స్కోరు తగ్గింది" అన్న మాటా తప్ప మరే వివరమూ లేదు. తిరుపతిలో నేను పనిచేసే కళాశాలలో ఈ సంగతి ప్రస్తావించినప్పుడు స్టాఫ్ రూములో ఉన్నవాళ్లలో చాలామంది తమకూ ఇలాగే జరిగిందని చెప్పారు. కారణం తెలియక ఊరుకున్నవాళ్లే ఎక్కువ; ఒకరికి మాత్రం ఇంటి రుణం వడ్డీ రేటు స్కోరును బట్టి నిర్ణయించే బ్యాంకులో ఆ తగ్గుదల డబ్బు రూపంలోనే భారమైంది. అప్పటి నుంచి అప్పుల వివరాలన్నీ ఉండే నా క్రెడిట్ నివేదికలతో పాటు, అడిగిన సహోద్యోగులవీ బంధువులవీ కూడా ఓపికగా చదువుతూ వచ్చాను. దాంతో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. స్కోరు మారడానికి కారణం దాదాపు ఎప్పుడూ నివేదికలోనే, ఏదో ఒక గడిలో, ఒక తేదీతో సహా రాసి ఉంటుంది. మనం పైనున్న మూడంకెల సంఖ్యను చూసి ఆందోళన పడతామే తప్ప కిందనున్న ఆ గడి దాకా వెళ్లము.

ముందుగా స్కోరును ఎవరు లెక్కిస్తారో తెలిసి ఉండాలి, ఎందుకంటే చాలామంది అయోమయం ఇక్కడే మొదలవుతుంది. మన దేశంలో ఈ పని చేసే సంస్థలు (వీటినే బ్యూరోలు అంటారు) నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. వీటన్నిటికీ 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం వర్తిస్తుంది, రిజర్వ్ బ్యాంకు వీటిని పర్యవేక్షిస్తుంది. నాలుగూ 300 నుంచి 900 దాకా స్కోరు ఇస్తాయి కానీ లెక్క కట్టే పద్ధతి ఎవరిది వాళ్లదే, బ్యాంకులు పంపిన వివరాలను తమ పుస్తకాల్లో ఎక్కించుకునే రోజులూ ఒక్కటి కావు. అందువల్ల ఒకే మనిషికి ఒకే రోజున నాలుగు చోట్ల నాలుగు స్కోర్లు ఉండటం సహజం. మా సహోద్యోగి ఒకాయన తన స్కోరు ఒక్క వారంలో పడిపోయిందని కంగారుగా వచ్చినప్పుడు చూస్తే, మొదట చూసినది చెల్లింపుల యాప్‌లో, తరువాత చూసినది తన బ్యాంకు యాప్‌లో; మొదటిది ఒక బ్యూరోది, రెండోది ఇంకో బ్యూరోది. ఆ వారంలో ఆయన అప్పుల్లో ఏ మార్పూ లేదు. స్కోరు తగ్గిందో పెరిగిందో నిర్ణయించుకునే ముందు రెండు సంఖ్యలూ ఒకే బ్యూరో ఇచ్చినవా అన్నది చూసుకోవాలి. యాప్ తెరపై అడుగున చిన్న అక్షరాల్లో బ్యూరో పేరు సాధారణంగా ఉంటుంది. అప్పుడప్పుడు బ్యూరోలు తమ లెక్క పద్ధతినే మారుస్తాయి కూడా. అలాంటప్పుడు మాత్రం నివేదికలో ఏ గడీ మారకుండానే సంఖ్య కదులుతుంది.

ఇక నా స్కోరు సంగతి. మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటు ఖరారైన వారంలోనే ఫీజు మొత్తం కట్టవలసి వచ్చింది. కళాశాల వాళ్లు కార్డు తీసుకుంటామన్నారు కాబట్టి 78 వేల రూపాయలు క్రెడిట్ కార్డుతో కట్టాను. కార్డు లిమిట్ లక్ష రూపాయలు. స్టేట్‌మెంట్ 18వ తేదీన తయారైంది, కట్టవలసిన గడువు తర్వాతి నెల 7, నేను గడువుకు ముందే పైసా మిగలకుండా కట్టేశాను. నా దృష్టిలో అది అప్పే కాదు, ఇరవై రోజుల సౌకర్యం మాత్రమే. కానీ నివేదిక తెరిచి చూస్తే ఆ కార్డు ఖాతా కింద "ప్రస్తుత బాకీ" అన్న చోట 81 వేల పైచిలుకు ఉంది, దాని పక్కనే "లిమిట్" అన్న చోట లక్ష ఉంది, ఆ రెంటి పైన "నివేదించిన తేదీ" అన్న గడిలో నేను బిల్లు కట్టిన రోజుకు ముందు తేదీ ఉంది. కార్డు సంస్థ బ్యూరోకు వివరాలు పంపిన రోజున నేను నిజంగానే లిమిట్‌లో ఎనభై శాతానికి పైగా వాడుకుని ఉన్నాను. ఆ తర్వాత కట్టానా లేదా అన్నది ఆ రోజు లెక్కకు తెలియదు. లిమిట్‌లో ఎంత భాగం వాడుకుంటున్నాడన్నది స్కోరులో పెద్ద అంశం కాబట్టి సంఖ్య పడింది. తర్వాతి నివేదికల్లో బాకీ తగ్గినట్టు కనిపించగానే స్కోరు మళ్లీ పైకి వచ్చింది. మధ్యలో నేను ప్రత్యేకంగా చేసింది ఏమీ లేదు.

ఈ ఒక్క విషయం తెలిస్తే సక్రమంగా బిల్లు కట్టే మనిషికి సగం సందేహాలు తీరుతాయి. గడువు తేదీ వడ్డీకి, జరిమానాకు సంబంధించినది. నివేదికలో కనిపించే బాకీ మాత్రం కార్డు సంస్థ వివరాలు పంపే రోజుకు సంబంధించినది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఈ వివరాలను నెలకు కనీసం రెండుసార్లు, అంటే 15వ తేదీకి ఒకసారి, నెలాఖరుకు ఒకసారి, బ్యూరోలకు పంపాలని రిజర్వ్ బ్యాంకు నిర్దేశించింది. అంతకు ముందు నెలకొక్కసారే వెళ్లేవి. ఈ మార్పు వల్ల కట్టిన డబ్బు త్వరగా కనిపిస్తుంది, అలాగే వాడిన డబ్బు కూడా త్వరగా కనిపిస్తుంది. స్కోరు ఇప్పుడు మునుపటికన్నా తరచుగా కదులుతున్నట్టు అనిపించడానికి ఇదొక కారణం. ఇంటి రుణానికో వాహన రుణానికో దరఖాస్తు పెట్టబోయే వాళ్లు ఆ రెండు మూడు నెలలూ స్టేట్‌మెంట్ తయారయ్యే లోపే కార్డు బాకీలో ఎక్కువ భాగం కట్టెయ్యడం మంచిది. అలాంటి అవసరమేదీ లేనివాళ్లు దీని గురించి నిద్ర పాడు చేసుకోనవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ రకం తగ్గుదల తనంతట తానే సర్దుకుంటుంది.

ఇదే లెక్క మనం ఒక్క రూపాయి ఖర్చు చేయకపోయినా తారుమారు కావచ్చు. రెండు లక్షల లిమిట్ మీద నలభై వేలు వాడే మనిషి వాడకం ఇరవై శాతం. బ్యాంకు తన సొంత విధానం ప్రకారం ఆ లిమిట్‌ను ఎనభై వేలకు తగ్గిస్తే, అదే నలభై వేలు యాభై శాతమవుతుంది. లిమిట్ తగ్గించినట్టు వచ్చిన సందేశాన్ని ప్రచార సందేశమనుకుని చదవకుండా తీసివేసిన వాళ్లను నేను చూశాను. వాడటం లేదు కదా అని పాత కార్డును మూసేసినా ఫలితం ఇంచుమించు ఇదే.

కారణం వెతికే పద్ధతిలో కష్టమేమీ లేదు, ఓపిక మాత్రం కావాలి. ప్రతి బ్యూరో ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, ఇది 2017 జనవరి నుంచి అమలులో ఉంది. నాలుగు బ్యూరోలు ఉన్నాయి కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా ఖర్చు లేకుండా గమనించుకోవచ్చు. మన నివేదిక మనమే చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం అవసరం లేదు. అప్పు కోసం మనం దరఖాస్తు పెట్టినప్పుడు రుణసంస్థ మన నివేదికను చూడటం మాత్రమే లెక్కలోకి వస్తుంది. వేర్వేరు బ్యూరోల స్కోర్లను పోల్చడం తప్పని పైన చెప్పాను, కానీ ఖాతాల వివరాలను పోల్చడం తప్పు కాదు, పైగా చాలా ఉపయోగం. రుణసంస్థలన్నీ నాలుగు బ్యూరోలకూ వివరాలు పంపాలి కాబట్టి ఖాతాల జాబితా నాలుగు చోట్లా ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒక చోట ఉన్న ఖాతా మరో చోట లేదంటే, ఒక చోట మూసినట్టున్నది మరో చోట తెరిచి ఉన్నట్టుంటే, చిక్కు అక్కడే ఉందని అర్థం. నివేదికను డౌన్‌లోడ్ చేసి దాచుకోవడం అందుకే ముఖ్యం. యాప్‌లో చూసి మూసేస్తే తర్వాత పోల్చుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

నివేదికలో నేను మొట్టమొదట చూసేది ప్రతి ఖాతా కింద వరుసగా ఉండే చిన్న గడులను. నెలకొకటి చొప్పున గత 36 నెలలకు గడులుంటాయి, ప్రతి గడిలో ఆ నెల కంతు ఎన్ని రోజులు ఆలస్యమైందో రాసి ఉంటుంది. దీన్నే డీపీడీ అంటారు. 000 అని ఉంటే సకాలంలో చేరింది. 030 అని ఉంటే ముప్పై రోజుల ఆలస్యం. ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని ఉంటే ఆ నెల రుణసంస్థ వివరం పంపలేదని అర్థం, అది మనమేదో ఎగ్గొట్టినట్టు కాదు. కొన్ని ఖాతాల్లో రోజుల సంఖ్యకు బదులు ఎస్‌టీడీ, ఎస్‌యూబీ వంటి పొట్టి గుర్తులుంటాయి. మొదటిది ఖాతా సవ్యంగా ఉందని చెబుతుంది, రెండోది తొంభై రోజులు దాటి మొండి బాకీగా మారిందని చెబుతుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని ఈ గడులన్నీ వేలుపెట్టి చదివితే, పైనున్న సంఖ్య గురించి ఎవరినీ అడగనక్కరలేని స్థితి వస్తుంది.

ఆ గడుల్లోనే మా విభాగంలోని ఒక పెద్దాయన సమస్య దొరికింది. ఆయన తన జీవితంలో ఒక్క కంతు తప్పలేదని గట్టిగా నమ్మే మనిషి, ఆ నమ్మకం నిజమే. అయినా స్కోరు రెండు విడతలుగా బాగా పడిపోయింది. నివేదికలో ఒక ఖాతా దగ్గర వరుసగా సున్నాలుండి, చివరి రెండు గడుల్లో 030, 060 అని ఉన్నాయి. ఖాతా రకం విద్యా రుణం, ఆయన పాత్ర సహ రుణగ్రహీత. కొడుకు చెన్నైలో చదివినప్పుడు తీసుకున్న రుణమది. విద్యా రుణాలకు సాధారణంగా చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు కంతులు ఉండవు, ఆ వెసులుబాటు కాలం ముగియగానే మొదలవుతాయి. ఆ కాలం ముగిసిన సంగతి చెబుతూ బ్యాంకు పంపిన ఉత్తరం బైరాగిపట్టెడలో వాళ్లు అద్దెకున్న పాత ఇంటికి వెళ్లింది, కుటుంబం అప్పటికే తిరుచానూరు వైపు సొంత ఇంటికి మారిపోయింది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, కంతు తన జీతం ఖాతా నుంచి వెళుతోందనే అనుకుంటున్నాడు. వెంటనే పాత బకాయి కట్టేశారు, ఆ తర్వాతి గడుల్లో మళ్లీ సున్నాలు పడుతున్నాయి. కానీ ఆ రెండు గడులు నిజం కాబట్టి వాటిని తుడిచెయ్యమని అడిగే అవకాశం లేదు, అవి పాతబడే కొద్దీ వాటి ప్రభావం తగ్గుతుంది.

తిరుపతి విశ్వవిద్యాలయాలకూ వృత్తి విద్యా కళాశాలలకూ పేరున్న ఊరు, ఇక్కడ ఏ వీధిలో చూసినా పిల్లల చదువు కోసం సంతకం పెట్టిన తల్లిదండ్రులు ఉంటారు. అందుకే దీన్ని కొంచెం నొక్కి చెబుతున్నాను. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన అప్పు మీ నివేదికలో మీ సొంత అప్పుగానే ఉంటుంది. హామీదారుగా పెట్టిన సంతకం కూడా నివేదికలోకి వస్తుంది. అసలు మనిషి కట్టకపోతే ఆ భారం హామీదారు పేరు మీదా పడుతుంది. బంధువు అడిగాడని, తోటి ఉపాధ్యాయుడు అడిగాడని మొహమాటానికి పెట్టి మరిచిపోయిన సంతకాలు మన దగ్గర ఎన్నో. స్కోరు కారణం లేకుండా తగ్గిందనుకున్న చోట, ఆ కారణం మరొకరి ఇంట్లో ఉండటం నేను చూసిన వాటిలో తరచుగా ఎదురైంది. బ్యూరోకు వివరాలు పంపేటప్పుడు బాకీ పడినట్టు ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో ఖాతాదారుకు తెలియజేయాలని రుణసంస్థలకు నియమం ఉంది, కానీ ఆ సందేశం బ్యాంకు దగ్గరున్న నంబరుకే వస్తుంది. చిరునామా, ఫోను నంబరు మారినప్పుడు కంతు కట్టే బ్యాంకుతో ఆగకుండా, సంతకం పెట్టిన ప్రతి చోటా మార్పించుకోవాలి.

పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మా చిన్నాయన నివేదిక చదివినప్పుడు పూర్తిగా వేరే లోకం కనిపించింది. మన జిల్లాల్లో సేద్యానికి పెట్టుబడి అంటే ముందుగా గుర్తుకొచ్చేది ఇంట్లోని నగలు. టమోటా నాటేటప్పుడు బ్యాంకులో పెట్టడం, ధర వస్తే విడిపించడం, రాకపోతే వడ్డీ కట్టి తిరగరాయడం ఎన్నో కుటుంబాల్లో ఏటేటా జరిగేదే. చిన్నాయన మనసులో అది ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న ఒకే అప్పు. నివేదికలో మాత్రం తిరగరాసిన ప్రతిసారీ పాత ఖాతా ముగిసి కొత్త నంబరుతో కొత్త ఖాతా మొదలైంది. అందువల్ల ఆయనకు పాతదైన, నిలకడగా నడిచిన ఖాతా అంటూ ఒక్కటీ కనిపించదు. అన్నీ కొత్తవి, అన్నీ ఏడాది బతికి ముగిసినవి. సీజను చివర్లో ధర కోసం ఎదురు చూస్తూ తిరగరాయడం కొన్ని వారాలు ఆలస్యమైన చోట గడుల్లో ఆ ఆలస్యం కూడా పడింది. ఇవన్నీ నిజమైన వివరాలే. వీటితో పాటు నిజం కానిది ఒకటి దొరికింది. రెండేళ్ల కింద పూర్తిగా కట్టి నగలు ఇంటికి తెచ్చుకున్న ఒక ఖాతా ఇంకా తెరిచి ఉన్నట్టే, బాకీ పెరుగుతున్నట్టే ఉంది. నగలు విడిపించిన రోజు ఇచ్చిన రసీదును పిన్నమ్మ బీరువాలో పట్టాదారు పాసుపుస్తకంతో పాటు దాచడం వల్ల పని సులువైంది. నగలు చేతికి వచ్చాయి కదా, ఇంక కాగితంతో పనేముందని పారేసే వాళ్లే ఎక్కువ. ఆ రసీదు, లేదా బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం, నగలతో సమానంగా దాచవలసిన వస్తువు.

డ్వాక్రా సంఘాల్లో ఉన్న మహిళలు కూడా తమ నివేదిక ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాను. సంఘం పేరుతో తీసుకున్న రుణంలో సభ్యుల వారీ వివరాలు కూడా బ్యూరోలకు పంపాలని 2016లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మైక్రోఫైనాన్స్ రుణాలు కూడా బ్యూరోలకు చేరతాయి. తన పేరుతో ఎప్పుడూ బ్యాంకుకు వెళ్లలేదు కాబట్టి తనకు స్కోరే ఉండదనుకునే గృహిణికి నివేదికలో నాలుగైదు ఖాతాలు ఉండవచ్చు.

చిన్న అప్పుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కంతుల మీద కొన్న ఫోను, ముందు కొని తర్వాత కట్టే సౌకర్యం, ఇవన్నీ రుణ ఖాతాలుగానే నమోదవుతాయి. వాడకుండా బీరువాలో పెట్టిన కార్డు మీద పడిన వార్షిక రుసుము కట్టకపోతే అది కూడా బాకీగా మారుతుంది. కార్డు రద్దు చెయ్యమని మనం కోరితే, బాకీ ఏమీ లేనప్పుడు, ఏడు పనిదినాల్లో రద్దు చెయ్యాలనీ, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుకు చెల్లించాలనీ 2022 నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో ఉంది. ఇక అప్పు పూర్తిగా తీర్చేసిన తర్వాత స్కోరు కాస్త తగ్గడం చాలామందికి అన్యాయంగా తోస్తుంది. సక్రమంగా నడుస్తున్న ఒక ఖాతా జాబితా నుంచి తప్పుకోవడం వల్ల కలిగే చిన్న మార్పు అది, దానికోసం అప్పును సాగదీసి వడ్డీ కట్టడం తెలివైన పని కాదు. కానీ బ్యాంకుతో బేరమాడి తక్కువ మొత్తానికి అప్పు ముగిస్తే నివేదికలో "మూసివేసినది" అని కాక "సెటిల్ చేసినది" అని పడుతుంది. ఆ రెండింటి మధ్య తేడా చాలా ఏళ్లు వెంటాడుతుంది, సంతకం పెట్టే ముందే అది తెలిసి ఉండాలి.

పేర్ల వల్ల వచ్చే చిక్కు మన ప్రాంతంలో ప్రత్యేకమైనది. మునిరత్నం, మునస్వామి, వెంకటేశులు, బాలాజీ, పద్మావతి అన్న పేర్లు ఒక్క పంచాయతీలోనే ఎంతమందికి ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, ఒక చోట పూర్తిగా ఉంటుంది. ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనుక ఉంటుంది. పుట్టినతేదీ బడిలో చేర్పించినప్పుడు వేసిన జూన్ నెల తేదీ చాలామందికి ఒకటే. బ్యూరోలు పేరు, పుట్టినతేదీ, పాన్ నంబరు, ఫోను, చిరునామా వంటివి సరిపోల్చి ఏ అప్పు ఎవరిదో తేల్చుకుంటాయి. పాన్ లేకుండా పాత రోజుల్లో ఇచ్చిన చిన్న రుణాల విషయంలో ఒకరి ఖాతా మరొకరి నివేదికలోకి చేరే అవకాశం సహజంగానే ఎక్కువ. నివేదికలో గుర్తు తెలియని ఖాతా కనిపిస్తే మోసమని భయపడే ముందు, అదే పేరున్న మరొకరిదేమో చూడాలి. మోసమైనా పొరపాటైనా ఫిర్యాదు మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

బ్యాంకుల విలీనాలు ఇంకొక కారణం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ కలిశాయి. చిత్తూరు ప్రధాన కార్యాలయంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు, రాష్ట్రంలోని మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. ఏ విలీనంలోనైనా పాత రుణం కొత్త బ్యాంకు పేరుతో కనిపించడం మామూలే. పాత పేరుతో ఉన్న ఖాతా కూడా తెరిచే ఉంటే మాత్రం ఒకే అప్పు రెండుగా లెక్కకు వస్తుంది, అది సరిచేయించుకోవాలి. 2022లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక చిరునామా ఒక చోట చిత్తూరు జిల్లాగా, ఒక చోట తిరుపతి జిల్లాగా ఉండటం చూసి కొందరు కలవరపడ్డారు. చిరునామాకు స్కోరు లెక్కలో పాత్ర లేదు.

తప్పు దొరికితే ఏం చెయ్యాలన్న విషయంలో నియమాలు ఇప్పుడు ఖాతాదారు పక్షాన బాగానే ఉన్నాయి. వాటిని వాడుకునే వాళ్లే తక్కువ. ఫిర్యాదును బ్యూరో వెబ్‌సైటులోనైనా, రుణం ఇచ్చిన సంస్థకైనా ఉచితంగా పెట్టవచ్చు. రెండు చోట్లా పెట్టడం మేలని నా అనుభవం. బ్యూరో తనంతట తాను ఏ వివరమూ మార్చదు, రుణసంస్థ ఒప్పుకుంటేనే మారుస్తుంది, కాబట్టి అసలు జవాబు రావలసింది రుణసంస్థ నుంచే. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించాలి. అందులో రుణసంస్థకు 21 రోజులు, మిగిలినవి బ్యూరోకు. గడువు దాటితే దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలి, ఆలస్యం ఎవరి వల్ల జరిగితే వాళ్లే ఇవ్వాలి. 2023 అక్టోబరులో వచ్చిన ఈ ఆదేశాలు 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. సవరణ అభ్యర్థనను తిరస్కరిస్తే అందుకు కారణం చెప్పాలన్నది కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుమేమీ లేకుండా రాసుకోవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా ఆ వ్యవస్థ కిందికి వచ్చాయి.

ఫిర్యాదులో "నా స్కోరు తగ్గింది, సరిచేయండి" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఖాతా నంబరు, నివేదిక నంబరు, తప్పుగా ఉన్న గడి, అందులో ఉండవలసిన సరైన వివరం, దానికి ఆధారమైన రసీదు, ఇవి మాత్రమే రాయాలి. ఇక "సిబిల్ సరిచేస్తాం" అంటూ వాట్సాప్‌లో వచ్చే సందేశాలనూ గోడ కాగితాలనూ నమ్మి డబ్బు ఇవ్వవద్దని ఇది చదివే ప్రతి ఒక్కరినీ మనస్ఫూర్తిగా వేడుకుంటున్నాను. నిజమైన బాకీని నివేదిక నుంచి తొలగించగల శక్తి ఏ మధ్యవర్తికీ లేదు, తప్పుడు వివరాన్ని తొలగించడానికి మధ్యవర్తి అవసరం లేదు. అలాంటివాళ్లకు ఆధార్, పాన్, ఓటీపీ ఇవ్వడమంటే మన పేరుతో కొత్త అప్పు పుట్టడానికి దారి తెరవడమే.

చిన్నాయన తరఫున ఫిర్యాదును బ్యూరోకు ఆన్‌లైన్‌లో పెట్టి, ప్రతిని బ్యాంకు శాఖలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాము. గడువు లోపే ఆ ఖాతా మూసినట్టు మారింది, స్కోరు కొంత పెరిగింది. ఆలస్యంగా తిరగరాసిన నెలల గడులు అలాగే ఉన్నాయి, ఉండాలి కూడా. ఈ ఏడాది ఆయన నగలను రెండు బ్యాంకుల్లో కాకుండా ఒకే చోట పెట్టారు, తిరగరాయవలసిన తేదీని కేలండరులో పిన్నమ్మ చేత ఎర్ర సిరాతో గుర్తు పెట్టించారు, తర్వాతి నివేదికను జనవరిలో తీసుకోవాలని నిర్ణయించుకున్నాము.